తెరచిన కుండ నోము కథ

కుండను పీటమీద నిలిపితిమి. దీపము వెలిగించితిమి. ఇంటివారును ఇరుగుపొరుగువారును అక్షతలు గుప్పిట పట్టుకొని, వెనుక వచ్చినవారికి చోటిచ్చి, కుదురుగా కూర్చుండి కథ వినుడు.

పూర్వమొకప్పుడు పెన్నానది యొడ్డున మునులు యాగము చేయుచుండిరి. ఆ యేడు వానలు లేవు. నేయి తెచ్చు గొల్లలు రాకపోయిరి. సమిధలు తెచ్చు చెంచులు ఎముకలు తేలి యుండిరి. అప్పుడు శమనిధి యను ముని మనసు కలతపడి, పెద్దవాడైన ఋజుచిత్త మహామునిని సమీపించి యిట్లడిగెను.

"స్వామీ, లోకమున కొన్ని యిండ్లలో పొయ్యి వెలుగుటలేదు. అది నొసటి రాత యని జ్యోతిష్కులు చెప్పుచున్నారు. సోమరితనమని కలిగినవారు చెప్పుచున్నారు. ఏలెడివాని శాసనము వలన వచ్చినదని లేనివారు చెప్పుచున్నారు గాని, అది గొంతు తగ్గించి చెప్పుచున్నారు. ఇందులో ఏది నిజము? ఆ బాధ తీరుటకు నోమేదైనను కలదా?"

ఋజుచిత్తుడు ఇసుకలో సన్నగా పారుచున్న నీటిని దోసిట పట్టి ముఖము కడుగుకొనెను. పిమ్మట, "నాయనా, దీనికి బదులు శాస్త్రములలో వెదకితిని, దొరకలేదు. ఒక సాలెయింటి ఇల్లాలి వలన దొరకినది. ఆమె కథ చెప్పెద వినుము" అని యిట్లు చెప్పసాగెను.

రత్నగిరి రాజ్యమున హంసలపేట యను నేతగాండ్ర వీధి కలదు. అక్కడ తెల్లవారినది మొదలు దీపాలు పెట్టు వేళ వరకు మగ్గములు మ్రోగుచునే యుండెడివి. ఆ పేటకొక ఆచారము కలదు. ఇంట మనిషి పోయినప్పుడు తప్ప మగ్గము ఆగరాదు. అట్లు పోయిన యింట మాత్రము పదకొండు దినములు మగ్గము మూగగా నుండును. కావున ఏ యింటి మగ్గమైన ఆగినదన్నచో ఇరుగుపొరుగువారు చేతిపని విడిచి ఆ వాకిటికి పరుగెత్తుకొని వచ్చెడివారు.

ఇట్లుండగా రెండేండ్లు వరుసగా ప్రత్తి పండదయ్యెను. రేవునకు ఓడలు రాకపోయెను. పొరుగురాజు దండెత్తునని వదంతి పుట్టెను. అంతట విజయకేతు మహారాజు భయపడి, రాజ్యములోని నూలంతయు సైన్యపు గుడారములకై కోటలోని కొఠారునకు చేర్చవలెనని శాసనము చేసెను. అతడు కఠినుడు కాడు గనుక, ఏ పేటలో మగ్గములు ఆగిపోవునో ఆ పేటకు కొఠారునుండి నూలు ఊరకయే ఇవ్వవలెనని కూడ అందులో వ్రాయించెను. అది తెలిసికొనుటకు ఒక అధికారిని నియమించెను. ఆ యధికారి ప్రతి పున్నమినాడు వీధి మొదట గుఱ్ఱమును నిలిపి, చెవియొగ్గి, మగ్గముల చప్పుడు విని మరలిపోవుచుండెను.

హంసలపేటలో నూలు అయిపోయెను. అయినను మగ్గము ఆపుటకు ఎవరికిని మనసొప్పలేదు. ఆపినచో పొరుగువారు పరుగున వచ్చి ఎవరు పోయిరని అడుగుదురు. ఎవరును పోలేదు, ఇంట నూలు లేదు అని ఏ నోట చెప్పుదురు? కావున తలుపు దగ్గరగా వేసికొని, పడుగు దారములు లేని మగ్గమున కూర్చుండి, పేకను నడపు నాడెను ఉత్తగా అటునిటు విసరుచు, పేకను బిగించు పలకను ఉత్తగా ఈడ్చి కొట్టుచు, చప్పుడు మాత్రము చేయుచుండిరి. ప్రతి యింటివారును పొరుగింటి చప్పుడు విని, వారికి నూలున్నది, మా రాతయే ఇట్లున్నది అని కుమిలిపోవుచుండిరి. అధికారి ఆ చప్పుడు విని, హంసలపేట సుఖముగా నున్నదని రాజునకు విన్నవించుచుండెను.

ఆ వీధిలో భావన్న యను నేతగాడును అతని భార్య నాంచారమ్మయు ఉండిరి. వారికి పెండ్లియై తొమ్మిదేండ్లు. బిడ్డలు లేరు. అతడు నేయుచుండగా ఆమె పక్కన కూర్చుండి నూలు కండెలు చుట్టెడిది. మాటలు ఎక్కువ లేవు. కండె అయిపోవు వేళకు అతడు అడుగకయే ఆమె చేయి ముందుకు వచ్చెడిది. అదియే వారి సంసారము.

ఇంట నూలు నిండుకొన్ననాడు భావన్న కండువా దులిపి భుజమున వేసికొని, "నూలు మూట నెత్తిన పెట్టుకొనేగాని ఈ గడప తొక్కను" అని శపథము చేసి దక్షిణదేశమునకు పోయెను. నాంచారమ్మ రేవుదాక సాగనంపి వచ్చి, నలుగురివలె తానును ఉత్త మగ్గమున కూర్చుండెను. మగ్గము క్రింది గుంటలో కాళ్లు పెట్టగా, భర్త పాదములు తొక్కి తొక్కి నునుపు చేసిన తొక్కుడు కఱ్ఱలు ఆమె పాదములకు తగిలెను. ఆ నునుపు కొఱకే ఆమె ప్రతిదినము ఆ గుంటలో దిగుచుండెను. పొద్దు వాలగానే వాకిట నిలుచుండి రేవువైపు చూచెడిది. దూరమున ఎవరి నెత్తినైన మూట కనబడినచో, ఆ మనిషి మరియొక దారి పట్టువరకు లోపలికి పోయెడిది కాదు. ఇట్లు ఏడు నెలలు గడచెను.

ఒక గురువారము పొద్దెక్కిన వేళ ఒక ముసలమ్మ ఆ వీధిన వచ్చెను. కులపెద్ద వీరాస్వామి వాకిట నిలిచి, కాస్త కూర్చుండెదనని అడిగెను. మగ్గముమీద ఉన్నాము, తీరిక లేదని లోపలినుండి చెప్పిరి. ఏ యింట అడిగినను అదే మాట వచ్చెను. కడకామె నాంచారమ్మ తలుపు తానే త్రోసికొని లోపలికి వచ్చెను.

"ఏం నేస్తన్నావే అమ్మా?"

"చీరలే అవ్వా. తలెత్తే తీరిక లేదు."

"చీరా? పడుగేదే? పేకేదే? నాడెలో కండె కూడా లేకపాయె! గాలి నేస్తన్నావా? నాకో గాలి చీర ఇయ్యి, కట్టుకుంటే చలి ఆగుద్దేమో చూస్తా."

ఆ మాటకు నాంచారమ్మకు ఎన్ని నెలలకో నవ్వు వచ్చెను. నవ్వు వెనుకనే కన్నీరు వచ్చెను. లేచి పీట వేసి, కూర్చుండుమని చెప్పెను. ఇంట నున్నది గరిటెడు గంజి. అందు ఉప్పురాయి వేసి ముసలమ్మ చేతికిచ్చెను. ముసలమ్మ పీటను చేతితో నిమిరి, మెల్లగా కూర్చుండి, సగము త్రాగి సగము నాంచారమ్మకు మిగిల్చెను.

"అవ్వా, ఇదంతా నా రాతేనా?" అని నాంచారమ్మ అడిగెను.

"వాన పడకపోవడం నీ చేతిలో లేదు. దాన్ని రాతే అనుకో. నూలుకి తాళమేసింది రాజు. ఉత్త మగ్గం ఆడించేది మాత్రం నువ్వే. మొదటిదాన్ని ఎవరూ కదిలించలేరు. రెండోది కదలాలంటే ముందు మూడోది ఆపాల."

"నువ్వెవరవ్వా?"

"పెద్దమ్మనే. లక్ష్మికి అక్కను, జ్యేష్ఠనంటారు. మా చెల్లెలి పేరు చెప్పి ముగ్గులేస్తారు, నా పేరు చెప్పి గుమ్మానికి నిమ్మకాయలు కడతారు. నా అంతట నేను ఎవరింటికీ పోనే. ఆకలి దాచుకున్న ఇల్లు ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే, అది నాకు పెట్టిన పని. దాచుకోని ఇంట్లో నాకు పనుండదు. ఏ యుగాన బయలుదేరినానో, కాళ్లు నొస్తన్నాయి. ఎక్కడన్నా పనిలేక ఓ పూట కూచోవాలని నాకు మాత్రం ఉండదా?"

నాంచారమ్మ ఆమె పాదములు ఒత్తుచు, ఈ పని తప్పించు దారి చెప్పుమని వేడుకొనెను. అప్పుడు పెద్దమ్మ తెరచిన కుండ నోమును ఉపదేశించెను. ఐదు శుక్రవారములు పొద్దు పొడవగానే మగ్గము ఆపవలెను. ఖాళీ కుండను బోర్లింపక, మూత పెట్టక, నోరు పైకి చేసి గడపముందు నలుగురికి కనబడునట్లు నిలుపవలెను. మొదట వచ్చినవారితో ఇంట ఏమి లేదో ఉన్నదున్నట్లు చెప్పవలెను. కలిగినవారు పిడికెడు వేసి తల తిప్పుకొని పోవలెను. వేసినదెవరని అడుగరాదు. కుండలో పడినదానిని వండి, వచ్చినవారితో కలిసి తినవలెను. ఇట్లు చెప్పి ఆమె వెడలిపోయెను.

మరునాడు శుక్రవారము. నాంచారమ్మ కుండ కడిగి పసుపు పూసి గడపముందు నిలిపెను. ఇంతలో ఎదురింటి చెంగమ్మ కళ్లాపి చల్లుటకు తలుపు తీసెను. అది చూడగానే నాంచారమ్మ తటాలున కుండ లోపలికి తీసికొని, "కడిగి ఆరబెట్టినా అత్తా" అని చెప్పి తలుపు మూసి, ముందటికంటె గట్టిగా మగ్గము ఆడించెను. ఆ వచ్చిన బుధవారము పున్నమి. అధికారి వచ్చి విని, తృప్తిపడి పోయెను. వేరొక పేటకు నూలు బండ్లు సాగిపోయెను.

మరునాడు గాజులమ్ము పాపయ్య తన గాజుల మలారము మోసికొని దక్షిణదేశమునుండి వచ్చెను. నాంచారమ్మ ముంజేయి చూచి, అడుగకయే రెండు గాజులు తొడిగి, "పొద్దుటి బోణీ తల్లీ, దీనికి బేరం లేదు" అనెను. పిమ్మట కొంత తటపటాయించి, భావన్న కనబడెనని చెప్పెను. నూలు దొరకక ఓడరేవున బరువులు మోయుచున్నాడట. ఇంటికి రమ్మని పాపయ్య చెప్పగా, అతడు హంసలపేట మగ్గముల సంగతి అడిగెనట. అన్నియు మ్రోగుచున్నవని, నీ యింటిది కూడ మ్రోగుచున్నదని పాపయ్య చెప్పెనట. అప్పుడు భావన్న, "అందరికీ జరుగుతా ఉంది. ఆమె కూడా ఎట్టో నెట్టుకొస్తా ఉంది. నా ఒక్కడి చేతిలోనే శని ఉన్నట్టుంది. ఏ మొహంతో పోయేది?" అని మూట ఎత్తుకొని పోయెనట.

నాంచారమ్మ ఆ మాట వినెను. ఇన్నాళ్లును ఏ మనిషి రాకకై చూపు రేవున నిలిపి యుండెనో, ఆ మనిషిని రానీయక ఆపినది తాను చేసిన చప్పుడేనని తెలిసికొనెను. నోము చెడగొట్టితినని ఏడ్చి, మరునాడు శుక్రవారమగుటచే మొదటినుండి నోచెదనని మ్రొక్కుకొనెను. "పాపయ్యా, మళ్లీ అటు పోతే, మా ఇంటి మగ్గం ఆగిందని చెప్పు" అని మాత్రము అనెను.

తెల్లవారెను. ఆమె మగ్గము జోలికి పోలేదు. కుండను గడపముందు నిలిపి, పక్కనే కూర్చుండెను. ఈసారి కుండను లోపలికి తీయలేదు. వీధిలో ఒక చప్పుడు తగ్గెను. అంతలోనే చెంగమ్మ కొంగు జారిపోవుచుండగా పరుగెత్తుకొని వచ్చెను.

"ఎవరే? ఎవరు పోయినారే? భావన్న కబురేమన్నా…"

"ఎవరూ పోలేదత్తా. నూలు పోయింది. ఎనిమిదో నెల నడస్తా ఉంది. నేను ఉత్త మగ్గం ఆడిస్తన్నా."

చెంగమ్మ నోటిమీద చేయి వేసికొనెను. "ఓసి నీ దుంప తెగ! నీ మగ్గం చప్పుడు విని, మొగుడు ఊళ్లో లేని పిల్ల కూడా నూలు సంపాదించుకొనింది, నువ్వెందుకయ్యా అని మీ మామను రోజూ సాధిస్తన్నానే! మా ఇంట్లో ఆడేదీ ఉత్తదే!"

ఇద్దరును ఒకరి ముఖము నొకరు చూచుకొని నవ్విరి. పిమ్మట ఒకరి భుజముమీద ఒకరు పడి ఏడ్చిరి. చెంగమ్మ ఇంటికి పోయి గుప్పెడు కొఱ్ఱలు తెచ్చి, ముఖము ప్రక్కకు తిప్పుకొని కుండలో వేసెను. ఇంటి వెనుక తుమ్మికూర దొరకెను. చెంగమ్మ మగడు కూడ రాగా ముగ్గురును కూర్చుండి తినిరి. నెలల తరువాత నాంచారమ్మకు అన్నములో ఉప్పు రుచి తెలిసెను.

రెండవ శుక్రవారము చెంగమ్మ మగ్గమును ఆగెను. మూడవ వారమునకు పదునొక మగ్గములు ఆగెను. ఒకరింట చింతపండు, ఒకరింట నూకలు, ఒకరింట ఉత్త కట్టెలు మాత్రమే యుండెను. అన్నియు కలిసిన చోట పులుసును అన్నమును అయ్యెను. ఏమియు లేనివారు నీళ్లు మోసిరి. నాల్గవ వారము వచ్చునప్పటికి వీరాస్వామి మగ్గమొక్కటే మ్రోగుచుండెను. ఆడువారందరు పోయి, ఆపుమని అడిగిరి. ఆయన, కులము పరువు వీధిన పెట్టుదురా యని కసరెను.

అప్పుడు ఆయన భార్య లోపలినుండి వచ్చి, "పరువు ఎసట్లో పోస్తే ఎంతసేపటికి ఉడుకుద్దో చెప్పయ్యా, అందాకా మంటేస్తా" అనెను.

వీరాస్వామి చేయి పలకమీదనే ఆగిపోయెను. శాసనము చదివిననాడు తాను కొలువులో నుంటినని, మగ్గములు ఆగిన పేటకు నూలు ఇత్తురను మాట తన చెవులార వింటినని, హంసలపేట మగ్గములు ఆగినవని మరియొక కులపెద్ద ఎదుట చెప్పుకొనలేక దాచితినని చెప్పి కన్నీరు పెట్టుకొనెను. కొందరికి కోపము వచ్చెను. నాంచారమ్మ మాత్రము, "నేనూ దాచినా కదా మామా" అని ఆయన చేతికి కుండ అందించెను.

ఐదవ శుక్రవారము పున్నమి. ఆ దినము హంసలపేటలో ఒక్క మగ్గమును మ్రోగలేదు. అధికారి వచ్చి వీధి మొదట నిలిచి, చెవియొగ్గి, ఏమియు వినబడక, గుఱ్ఱము దిగి మొదటిసారి వీధిలోనికి నడచెను. ప్రతి గడపముందును నోరు తెరచిన కుండ చూచెను. ఊరంతటను మహమ్మారి తాకినదని భయపడి కోటకు పరుగెత్తెను.

ఆనాడు దీపాలు పెట్టు వేళ నాంచారమ్మ వాకిట పొయ్యి వెలిగించుచుండెను. రేవువైపునుండి ఒక మనిషి వచ్చుచుండెను. నెత్తిన మూట లేదు గనుక ఆమె తల యెత్తి చూడలేదు. ఆ మనిషి నడుచుట మాని పరుగెత్తెను. గడప దగ్గరకు వచ్చి, ఆమెను చూచి, ఊపిరి అందక నిలిచిపోయెను. భావన్న!

"మగ్గం ఆగిందన్నాడు పాపయ్య. మన ఇంట్లో… నువ్వు తప్ప ఇంకెవరున్నారు? నువ్వే…" అని ఖాళీ చేతులు చాపి, "నూలు తేలేదు నాంచారీ" అనెను.

"నూలడిగినానా నేను?" అని ఆమె కసరెను. "కాళ్లు కడుక్కో. కొఱ్ఱబువ్వ ఉంది. చెంగమ్మత్త పులుసు పెట్టింది."

అతడు శపథము మరచి గడప తొక్కెను. ఆమె చెంబుతో నీళ్లు పోయుచు, రాళ్లు తగిలి చిట్లిన ఆ పాదములను చూచుచు, చెంబు ఖాళీయైనను వంచియే యుండెను. ఆ పూట వారి అరుగుమీద ఒక ముసలమ్మ గోడకానుకొని, కాళ్లు చాపుకొని నిద్రించుచుండెను. ఎవరో ఆమెపై పాత చీర కప్పిరి.

మరునాడు మహారాజు మంత్రితో కూడ వచ్చెను. ఇంత బాధ ఎందువలన వచ్చినదని అడిగెను. మంత్రి, వీరు సోమరులనెను. వీరాస్వామి అలవాటుకొలది, మా రాత ప్రభూ అనబోయి మానెను. నాంచారమ్మ చేతులు జోడించి, "అయ్యా, తమరు మగ్గాలను అడిగినారు. మగ్గాలు అబద్ధం చెప్పినాయి. చెప్పించింది మేమే. ఇంటోళ్లను అడిగుంటే మేమూ ఇంతకాలం చెప్పుకోలేక చచ్చేవాళ్లం కాదు" అనెను. రాజు సిగ్గుపడెను. వీధి మొదట విని పోవు పద్ధతి మాన్పించి, ఇంటింటికి పోయి కుండ చూచి రావలెనని శాసనము మార్పించెను. కొఠారు తెరపించెను. వారము తిరుగకమునుపే హంసలపేటలో పడుగులు సాగెను. భావన్న నేయుచుండగా నాంచారమ్మ మరల కండెలు చుట్టెను. రాజు కూడ ఏటేట ఒక శుక్రవారము కోట వాకిట ఖాళీ కుండ నిలిపెదనని మ్రొక్కెను.

మూడేండ్లు అట్లే జరిగెను. నాల్గవ యేట మంత్రి, రాజద్వారమున ఖాళీ కుండ అపశకునమని చెప్పి, వెండికుండ నిండ పూలు నింపించెను. రాజు ఊరకుండెను. నోము తప్పెను. అది మొదలు రాజు ఎదుట ఎవరును లేమి మాట ఎత్తరైరి. పంటలు పోయినను పండినవని చెప్పిరి. కడకు కోట వంటశాలలో గింజలు లేక, రాజునకు పొగ కనబడవలెనని వంటవారు ఉత్త నీళ్లు కాచుచుండిరి. శత్రువు వచ్చి సగము రాజ్యము గెలుచుకొనెను. అప్పుడు విజయకేతువు తన తప్పు తెలిసికొని, వెండికుండ తీసివేసి, మట్టికుండను తన చేతులతో వాకిట నిలిపి, "నా కొఠారు ఖాళీ" అని నలుగురి యెదుట పలికెను. మొదట ఒక కుమ్మరి వచ్చి పిడికెడు చోళ్లు వేసి తల తిప్పుకొని పోయెను. పిమ్మట వరుస తెగలేదు. తిన్నవారు కలిసి నిలిచి శత్రువును తరిమిరి. పోయిన రాజ్యము మరల చేరెను.

ఋజుచిత్తుడు ఇట్లు చెప్పి ముగించెను. శమనిధి నేలచూపులు చూచుచు, "స్వామీ, లోకమని అడిగితిని గాని, నా కుటీరమున రెండు దినములుగా గింజ లేదు" అనెను. ఋజుచిత్తుడు ప్రక్కకు జరిగి, చాపమీద చోటిచ్చి, తన ఆకులోని పిడికెడు అన్నమును రెండు భాగములు చేసెను.

ఈ నోమును లేనివారు నోచవలెను. కలిగినవారును నోచవలెను. పని పోయినవారు, పంట పోయినవారు, పొరుగింటి చప్పుడు విని తమను తాము నిందించుకొనువారు నోచవలెను. దూరదేశమున నున్నవారికై ఎదురుచూచువారు నోచవలెను. పదిమందిని ఏలెడివారు తప్పక నోచవలెను, పీటమీద కాక నేలమీద కూర్చుండి నోచవలెను. నోచినవారి యింటికి సిగ్గుపడి ఆగిపోయినవారు మరలి వత్తురు. పొయ్యి వెలుగును, పిలిచిన పలుకువారు కలుగుదురు. నోచలేనివారు ఈ కథ విన్నను, విన్నది ఒకరికి చెప్పినను సగము ఫలము కలుగును. అక్షతలు శిరసున వేసికొనుటకు ముందు ప్రతివారును పక్కనున్నవారి ముఖము చూచి, తిన్నారా అని అడుగవలెను. అడిగి, బదులు వచ్చువరకు ఆగవలెను.